చెక్కగట్టు పొట్ట ఎందుకు ఉబ్బింది?

శ్రావణమాసం వచ్చేసరికి మీ ఇంట్లో ఏదో ఒక తలుపు మొరాయిస్తుంది. వేసవిలో చిటికెనవేలితో తోస్తే మూసుకున్న తలుపే ఇప్పుడు భుజం ఆనించి నెడితే గాని పడదు. తీయబోతే ద్వారబంధాన్ని పట్టుకుని కిర్రుమంటుంది. "వానాకాలం కదా, చెక్క ఉబ్బింది" అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. ఆ మాట నిజమే. కాని మీరు అక్కడితో ఆగకుండా ఇంకో రెండు ప్రశ్నలు అడిగి చూడండి. ఉబ్బితే ఎంత ఉబ్బింది? వెడల్పులో ద్వారబంధాన్ని పట్టేసిన తలుపు, ఎత్తులో పెరిగి గడపను ఎందుకు పట్టుకోలేదు?

రెండో ప్రశ్నకు జవాబు చెప్పగలిగేవాళ్లు చాలా తక్కువమంది. ఆ జవాబు తెలియక మా అక్కయ్యగారింట్లో మంచి టేకు చెక్క ఒకటి దాదాపు పాడైపోయింది. ముందు ఆ సంగతి చెబుతాను.

అక్కయ్యగారి ఇల్లు భీమునిపట్నంలో, సముద్రానికి కూతవేటు దూరంలో ఉంది. వంటింట్లో రాతిగట్టు మీద కూరలు తరిగితే కత్తి మొద్దుబారిపోతోందని ఆవిడ గట్టులో ఒక పక్కన చెక్క పరిపించాలనుకున్నది. హైదరాబాదులో తెలిసినవాళ్ల ద్వారా టేకు పలకలు కొని, వాటిని పక్కపక్కన జిగురుతో అతికించి, 2 మీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు, 4 సెంటీమీటర్ల మందం ఉన్న ఒకే బల్లగా చేయించింది. అది మే నెల. జూన్‌లో బల్ల లారీలో భీమునిపట్నం చేరింది. వెనక గోడ, ముందు రాతి అంచు, ఈ రెండింటి నడుమ కాగితం ముక్క కూడా దూరనంత బిగువుగా దాన్ని కూర్చోబెట్టారు. కూర్చినవాళ్ల పనితనం చూసి అందరూ మెచ్చుకున్నారు.

ఆగస్టు వచ్చింది. ఒకరోజు బల్లమీద పెట్టిన పాలగిన్నె తనంతట తానే పక్కకు జారింది. వంగి చూస్తే బల్ల నడుమ తాబేలు డిప్పలా పైకి లేచి ఉంది. రెండుచోట్ల జిగురు అతుకు సన్నగా విచ్చుకుంది. పైన లేచినంత మేరా చిత్రిక పట్టించేస్తే సరి అని ఇరుగుపొరుగు సలహా ఇచ్చారు. అక్కయ్య ఎందుకో తటపటాయించి, ఊళ్లో ఒక పెద్ద వడ్రంగిని పిలిపించింది. ఆయన వచ్చి బల్లను చేత్తో తడిమి, పనిముట్ల సంచి విప్పకుండానే అడిగిన మొదటి మాట ఇది: "ఇది ఎక్కడ చేయించారమ్మా? ఏ నెల్లో?"

చెక్కకు ఊరితోనూ నెలతోనూ ఏమిటి పని? అది తెలియాలంటే మనం చెక్క లోపలికి వెళ్లాలి.

చీపురుకట్టలో నీళ్లు

చెక్క అంటే ఒకప్పుడు చెట్టులో నీటిని మోసిన గొట్టాల కట్ట. సన్నటి పొడవాటి కణాలు చెట్టు నిలువునా ఒకదానిపక్కన ఒకటి పేర్చి ఉంటాయి. ఆ కణాల గోడలు ప్రధానంగా సెల్యులోజ్ అనే పదార్థంతో తయారవుతాయి. సెల్యులోజ్ అణువులు పొడవాటి గొలుసులు. అలాంటి గొలుసులు ఎన్నో కలిసి సన్నని పోగులుగా ఏర్పడి, కణం గోడలో చాలావరకు నిలువుగానే పడుకుని ఉంటాయి. పోగుల నడుమ సందుల్లో లిగ్నిన్ వంటి ఇతర పదార్థాలు బంకలా పట్టి ఉంచుతాయి.

సెల్యులోజ్ గొలుసు పొడవునా ఆక్సిజన్, హైడ్రోజన్ కలిసిన చిన్న జతలు ఉంటాయి. వీటిని హైడ్రాక్సిల్ సమూహాలంటారు. నీటి అణువులంటే వీటికి చాలా ఆకర్షణ. గాలిలోని తేమ చెక్కలోకి చేరినప్పుడు నీటి అణువులు వెళ్లి పోగుల నడుమ ఈ జతలను పట్టుకుని కూర్చుంటాయి. కూర్చోవడానికి చోటు కావాలి కదా! అందుకని పోగులను పక్కకు నెడతాయి.

ఇప్పుడు ఒక కొత్త చీపురుకట్టను ఊహించుకోండి. పుల్లకూ పుల్లకూ నడుమ తడి ఇసుక దూర్చుకుంటూ పోతే ఏమవుతుంది? కట్ట లావెక్కుతుంది. కాని పొడవు పెరగదు, ఎందుకంటే పుల్లలు పొడవెక్కలేదు. చెక్కలోనూ అంతే. తేమ తగిలితే చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, నిలువుగా దాదాపు ఉబ్బదు. తలుపు ఎత్తులో పెరగకపోవడానికి కారణం ఇదే.

అడ్డంగా ఉబ్బడంలో కూడా ఒక తేడా ఉంది. నరికిన దుంగ చివర చూస్తే వలయాలు కనిపిస్తాయి. వలయాల వెంబడి వచ్చే ఉబ్బు, నడిబొడ్డు నుంచి బెరడు వైపు వచ్చే ఉబ్బుకు సుమారు రెండింతలుంటుంది. నడిబొడ్డు నుంచి బయటికి అడ్డంగా సాగే కొన్ని కణాలు ఆ దిశలో చెక్కను కొంత పట్టి ఉంచడం ఇందుకు ఒక కారణం. పచ్చి టేకును పూర్తిగా ఎండబెడితే వలయాల వెంబడి నూటికి 5.8 వంతులు, బెరడు దిశలో 2.5 వంతులు కుంచించుకుపోతుంది. అమెరికాలో వంటింటి బల్లలకు ఎక్కువగా వాడే గట్టి మేపుల్ చెక్కకు ఇవే అంకెలు 9.9, 4.8. టేకుకు తలుపుల చెక్కగా అంత పేరు ఎందుకు వచ్చిందో ఈ అంకెలు చూస్తేనే కొంత తెలుస్తుంది.

తేమను కొలవడం

చెక్కలో ఎంత తేమ ఉందో ఎలా చెప్పాలి? చిన్న ముక్కను తూచండి. తర్వాత దాన్ని 103 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో, బరువు ఇక తగ్గకుండా నిలిచేదాకా ఆరబెట్టి మళ్లీ తూచండి. ఈ పని మీ సైన్సు మాస్టారి సాయంతో బడిలోనే చేయాలి సుమా! మొదట 115 గ్రాములుండి, ఆరాక 100 గ్రాములైతే, పోయిన నీరు 15 గ్రాములు. దాన్ని ఆరిన చెక్క బరువుతో భాగించి 100తో హెచ్చవేస్తే 15 శాతం. పోల్చేది ఆరిన చెక్కతో గనుక, అప్పుడే నరికిన కొన్ని చెట్ల చెక్కలో తేమ 100 శాతం దాటి ఉండటం కూడా కద్దు. మొదటిసారి విన్నవాళ్లు ఇది లెక్కలో పొరపాటనుకుంటారు. పొరపాటు కాదు, ఆ చెక్కలో చెక్కకంటే నీరే ఎక్కువ బరువుందన్నమాట.

అంత నీరూ చెక్కను ఉబ్బించదు. ఉతికి పిండిన బట్టను గుర్తు చేసుకోండి. పిండితే కారిపోయే నీరు ఒకటి, పిండినా పోని చెమ్మ ఒకటి. చెక్కలో కూడా గొట్టాల బోలులో నిలిచిన నీరు మొదటి రకం, గోడల్లో పోగులను పట్టుకున్నది రెండో రకం. ఉబ్బు, కుంచనం రెండో రకం నీటి పనే. సుమారు 30 శాతం వద్ద గోడలు నిండిపోతాయి. ఆపైన ఎంత నీరు చేరినా చెక్క ఇక ఉబ్బదు. ఇంట్లో వాడే చెక్క ఎప్పుడూ ఈ 30 శాతానికి కిందనే ఉంటుంది గనుక అది ఎప్పుడూ ఉబ్బుతూ కుంచించుకుంటూనే ఉంటుంది.

ఎంత తేమ దగ్గర నిలుస్తుందన్నది చుట్టూ ఉన్న గాలి నిర్ణయిస్తుంది. 30 డిగ్రీల వేడిలో ఒక ఘనమీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని ఇముడ్చుకోగలదు. అందులో 24 గ్రాములే ఉంటే ఆ గాలి సాపేక్ష ఆర్ద్రత 80 శాతం అంటాం. సాపేక్ష ఆర్ద్రత 30 శాతం ఉన్న గాలిలో చాలాకాలం ఉంచిన చెక్క సుమారు 6 శాతం తేమ దగ్గర నిలుస్తుంది. 50 శాతం గాలిలో 9, 65 శాతం గాలిలో 12, 80 శాతం గాలిలో 16, 90 శాతం గాలిలో 20. ఈ సమతౌల్యం ఒక్కరోజులో రాదు. పైపొర గంటల్లోనే స్పందిస్తుంది గాని, మందమైన పలక లోపలిదాకా మారడానికి వారాలు పడుతుంది. ఒక రాత్రి వాన కురిసినంత మాత్రాన తలుపు బిగుసుకోదు, శ్రావణమాసమంతా కావాలి.

వడ్రంగి ఊరూ నెలా ఎందుకు అడిగాడో ఇప్పుడు మీకే తెలిసిపోయి ఉంటుంది. హైదరాబాదులో మే నెల గాలి పొడిగా ఉంటుంది. అక్కడ బల్ల తేమ 8 శాతం అనుకుందాం. విశాఖపట్నం తీరంలో ఆగస్టు గాలి ఆర్ద్రత 80 శాతం చుట్టుపక్కల ఉంటుంది. అక్కడ బల్ల 16 శాతానికి చేరాలి. టేకు తేమ ఒక్క శాతం పెరిగితే వలయాల వెంబడి 0.186 శాతం ఉబ్బుతుంది. 8 శాతానికి దాదాపు 1.5 శాతం. 600 మిల్లీమీటర్ల వెడల్పులో అది 9 మిల్లీమీటర్లు! పొడవు 2 మీటర్లున్నా ఆ దిశలో పెరుగుదల ఒక మిల్లీమీటరుకు మించదు. అదే బల్లను మేపుల్‌తో చేసి ఉంటే వెడల్పులో 17 మిల్లీమీటర్లు పెరిగేది.

తొమ్మిది మిల్లీమీటర్లంటే మీ చిటికెనవేలి గోరు వెడల్పు. అంత మాత్రానికే బల్ల అలా లేస్తుందా అని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. పైథాగరస్ సిద్ధాంతంతో ఒక లెక్క కడదాం. రెండు కదలని గోడల మధ్య 600 మిల్లీమీటర్ల చోటుంది. అందులో 609 మిల్లీమీటర్ల అట్ట ఇరికించాలి. అది నడుమ మడతపడి ఇంటి కప్పులా లేస్తుందనుకోండి. సగం కప్పు పొడవు 304.5, దాని కింద నేల 300. లేచిన ఎత్తు వర్గం = 304.5 వర్గం − 300 వర్గం. కట్టి చూడండి, ఎత్తు 52 మిల్లీమీటర్లు వస్తుంది. ఐదు సెంటీమీటర్ల పైమాటే! చెక్క అట్టలా మడత పడదు గనుక అక్కయ్యగారి బల్ల అంగుళంలోపే లేచింది. మరి మిగిలిన ఉబ్బు ఎక్కడికి పోయింది?

గొడ్డలి కామ చెప్పే రహస్యం

పల్లెటూళ్లో ఉన్నవాళ్లకు ఇది తెలిసిన చిట్కా. గొడ్డలి కామ వదులై తల ఊగుతుంటే, రాత్రి గొడ్డలిని నీళ్లతొట్టిలో పడేస్తారు. తెల్లారేసరికి కామ ఉబ్బి తల బిగుసుకుంటుంది. కాని నాలుగు రోజులు ఎండలో వాడగానే మళ్లీ వదులవుతుంది. అదీ మునుపటికంటే ఎక్కువ! మళ్లీ నానబెడితే మళ్లీ బిగుస్తుంది, తర్వాత ఇంకా వదులవుతుంది. ఎందుకని?

కామ ఉబ్బబోయింది, ఇనుప కన్నం అడ్డుపడింది. చోటు దొరకని కణాలు తమలో తాము నలిగిపోయాయి. గుండ్రని గొట్టాలు చప్పిడైపోయినట్లు అనుకోండి. నలిగిన కణం ఆరాక తిరిగి పూర్వపు ఆకారానికి రాదు. కాబట్టి ఆరిన కామ, నానబెట్టక ముందున్న కామకంటే సన్నగా ఉంటుంది. ఉబ్బును అడ్డుకున్న ప్రతిసారీ చెక్క కొంత పోగొట్టుకుంటుందన్నమాట. అక్కయ్యగారి బల్ల కూడా గోడకూ రాయికీ నడుమ ఇలాగే కొంత నలిగింది. దాన్ని అలాగే వదిలేసి ఉంటే పొడిగాలి రోజుల్లో మొదటికంటే సన్నబడి, పలకల నడుమ సందులు పడేవి. ఇరుగుపొరుగు మాట విని ఉబ్బిన నడుమ భాగాన్ని చిత్రిక పట్టించి ఉంటే ఇంకా చెడ్డది. ఆరి కిందికి దిగాక బల్ల నడుమ పల్లమై, శాశ్వతంగా నీళ్లు నిలిచేది. వానాకాలంలో తలుపు అంచు చెక్కించేసి, ఎండాకాలంలో ఆ సందులోంచి దుమ్ము వస్తోందని వాపోయేవాళ్లు చేసేదీ ఈ పొరపాటే.

ఇదే గుణాన్ని బండివాళ్లు తెలివిగా వాడుకున్నారు. ఎడ్లబండి చక్రంలో నడుమ కుంభి, ఆకులు, చుట్టూ పూటీలు అన్నీ చెక్కవే, పైన ఇనుప పట్టా. వేసవిలో చెక్క కుంచించుకుని చక్రం కిటకిటలాడితే, బండిని కాలవలోకో చెరువులోకో తోలి కాసేపు నిలబెట్టేవారు. ఇక్కడ కూడా గొడ్డలి కామ సంగతే వర్తిస్తుంది. అందుకే కొన్నేళ్లకొకసారి పట్టాను విప్పి, కోసి, చిన్నది చేసి, ఎర్రగా కాల్చి మళ్లీ ఎక్కించక తప్పేది కాదు.

పాత తలుపును ఒకసారి చూడండి

చెక్కను బంధిస్తే నలుగుతుంది, వదిలేస్తే ఊగిసలాడుతుంది. మరేం చేయాలి? ఇందుకు మన పాత ఇళ్ల తలుపుల్లోనే జవాబుంది. అలాంటి తలుపుకు చుట్టూ ఒక చట్రం ఉంటుంది. నడుమ పలకలు చట్రంలోని గాడిలో కూర్చుని ఉంటాయి. వాటికి జిగురు పెట్టరు, మేకులు కొట్టరు. గాడిలో లోపల కొంచెం ఖాళీ వదులుతారు. పలక ఉబ్బితే ఆ ఖాళీలోకి జరుగుతుంది, ఎండితే వెనక్కి వస్తుంది. బయటికేమీ తెలియదు. తలుపు వెడల్పు మారేదల్లా చట్రంలోని రెండు నిలువు చెక్కల వెడల్పు మారినంతే. అవి ఒక్కొక్కటి 10 సెంటీమీటర్లయితే, తేమ 4 శాతం పెరిగినప్పుడు రెండూ కలిసి 1.5 మిల్లీమీటర్లు ఉబ్బుతాయి. చట్రం లేకుండా పలకలను పక్కపక్కన అతికించి చేసిన 80 సెంటీమీటర్ల తలుపు అదే తేమకు 6 మిల్లీమీటర్లు ఉబ్బుతుంది. ఈ లెక్క తెలిసి చేశారో, తాతలనాటి అనుభవంతో చేశారో గాని, నాకు ఆ చట్రం తలుపును చూసినప్పుడల్లా గొప్ప యంత్రాన్ని చూసినట్టే ఉంటుంది.

భీమునిపట్నం వడ్రంగి బల్లకు చేసిన చికిత్స కూడా అదే కోవలోది. మొదట ముందున్న రాతి అంచును తీయించి బల్లను బయటికి లాగాడు. దాన్ని వంటింట్లోనే ఒక మూల, కింద మూడు చెక్కపట్టీలు పెట్టి, అడుగునా పైనా గాలి తగిలేలా నెలరోజులు ఉంచమన్నాడు. "ముందు ఈ ఊరి గాలికి అలవాటు పడనివ్వండమ్మా" అన్నాడు. ఆయన అలవాటు అన్నది మనం ఇందాక చెప్పుకున్న సమతౌల్యమే. నెల తర్వాత బల్ల దాదాపు చదునుగా దిగింది. విచ్చిన రెండు అతుకులూ శుభ్రం చేసి మళ్లీ జిగురు పెట్టాడు.

తర్వాత బిగించే పని. ముందు అంచున అడుగునుంచి గుండ్రని రంధ్రాల గుండా మరమేకులు బిగించాడు. కాబట్టి ముందు అంచు కదలదు. వెనక వరసలో మాత్రం రంధ్రాలను వెడల్పు దిశలో కోలగా సాగదీసి, మరమేకు కింద వాషరు వేసి, మరీ బిగించకుండా వదిలాడు. బల్ల ఉబ్బినా కుంచించుకున్నా మరమేకు ఆ కోల రంధ్రంలో జరుగుతుంది. వెనక గోడకూ బల్లకూ మధ్య 5 మిల్లీమీటర్ల సందు ఉంచాడు. ఆ సందులో చెత్త పడకుండా పైన సన్నని పట్టీ వేసి, దాన్ని గోడకే బిగించాడు గాని బల్లకు కాదు. ఐదే ఎందుకంటే, బల్ల అప్పటికే వానాకాలపు తేమతో ఉంది. తుపాను రోజుల్లో ఇంకో 4 శాతం ఎక్కినా 4.5 మిల్లీమీటర్లే పెరుగుతుంది. పొడిగాలి నెలల్లో బిగించేటట్లయితే 10 వదలాలి.

ఒకవైపే తడిస్తే

బల్ల అడుగుభాగానికి కూడా పైభాగంతో సమానంగా నూనె పట్టించాలని ఆయన పట్టుబట్టాడు. కనపడని చోట ఎందుకీ ఖర్చు అని అక్కయ్యకు అనిపించిందట. సన్నని కాగితం ముక్కను నీటిమీద వదలండి, వెంటనే అంచులు పైకి లేచి చుట్టుకుంటుంది. కింద తడిసి సాగింది, పైన పొడిగా ఉంది, అందుకే వంపు. చెక్కకు ఒకవైపే రంగు వేస్తే రంగులేని వైపు తేమను త్వరగా పీల్చుకుని బల్ల దోనెలా వంగుతుంది. మీ ఇంట్లో చపాతీల పీటను కడిగాక బోర్లించకుండా గోడకు నిలువుగా ఆనించమని అమ్మకు చెప్పండి. రెండువైపులా ఒకేలా ఆరుతుంది.

నూనె గాని వార్నిష్ గాని తేమను పూర్తిగా ఆపలేవు, నెమ్మదింపజేస్తాయి. అయితే ఏ నూనె? కొబ్బరినూనె పూస్తే ఎప్పటికీ గట్టిపడదు. వేరుశనగ నూనె జిడ్డుగా నిలిచి కొన్నాళ్లకు పాడువాసన వేస్తుంది. అవిసె గింజల నూనె వేరు. అది గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని, అణువుకు అణువు అల్లుకుని గట్టి పొరగా మారుతుంది. ఈ మార్పులో వేడి పుడుతుంది. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే ఆ వేడి బయటికి పోలేక, వాటంతట అవే అంటుకునే ప్రమాదం ఉంది. వాటిని తీగమీద విప్పి ఆరేయాలి, లేదా నీళ్లలో ముంచాలి. దుకాణాల్లో వండిన అవిసె నూనె పేరుతో అమ్మేదాంట్లో త్వరగా ఆరడానికి లోహపు లవణాలు కలుపుతారు గనుక కూరలు తరిగే బల్లకు అది పనికిరాదు.

మరమేకులు ఇనుపవి కాక ఇత్తడివి తెమ్మన్నాడు. సముద్రతీరంలో ఇది చిన్న విషయం కాదు. అక్కడి గాలిలో ఉప్పు నలుసులుంటాయి. ఆర్ద్రత 75 శాతం దాటితే ఉప్పు గాలిలోని నీటిని లాక్కుని తానే కరిగిపోతుంది. వానాకాలంలో మీ ఉప్పు డబ్బా చెమ్మగిల్లేది ఇందుకే. ఇనుప మేకుమీద పడిన ఉప్పు నలుసు దాన్ని రోజుల తరబడి ఉప్పునీటిలో నానబెట్టినట్టే చేస్తుంది. పైగా కొన్ని చెక్కల్లో టానిన్ అనే వగరు పదార్థం ఉంటుంది. అది ఇనుముతో కలిస్తే నల్లటి మరక పుడుతుంది. పూర్వం కరక్కాయ రసంలో అన్నభేది కలిపి సిరా చేసుకున్నది సరిగ్గా ఈ రసాయనచర్యతోనే. మేకుల చుట్టూ నల్లని వలయం కనబడితే, చెక్క అక్కడ సిరా తయారు చేస్తోందనుకోండి.

ఇక బల్ల కొనలు. అక్కడ గొట్టాల నోళ్లు తెరుచుకుని ఉంటాయి గనుక నీరు పక్కలకంటే ఎన్నోరెట్లు వేగంగా లోపలికి పోతుంది. పంపు దగ్గరున్న కొనకు ఆయన మూడుసార్లు నూనె పట్టించాడు. 16 శాతం తేమతో చెక్కకు బూజు పుచ్చు పట్టదు. 20 దాటి అలాగే నిలిస్తే భయపడాలి. కాబట్టి వంటింట్లో చెక్కకు గాలిలోని తేమకంటే పంపు కింద ఎప్పుడూ ఆరని తడిచోటు పెద్ద శత్రువు.

మాంసం దుకాణంలో చింతమొద్దును చూశారా? అక్కడ మాత్రం కొన భాగమే పైకి ఉంటుంది. నిలబెట్టిన మొద్దు మీద కత్తి పడితే పోగుల నడుమకు దిగి, తీయగానే పోగులు మళ్లీ దగ్గరవుతాయి. బ్రష్ కుచ్చులో వేలు పెట్టి తీసినట్లన్నమాట. కత్తీ త్వరగా మొద్దుబారదు, మొద్దూ త్వరగా చెడదు. అమెరికాలో మాంసం కొట్లలో ఇలాగే మేపుల్ ముక్కలను నిలువుగా నిలబెట్టి అతికించి చేసే దిమ్మెలను బుచర్ బ్లాక్ అంటారు. ఆ పేరే తర్వాత అతికించిన పలకలతో చేసే వంటగట్లకు కూడా వచ్చింది. నిలువు ముక్కల దిమ్మెకు మాత్రం ఒక చిక్కుంది. దాని పొడవూ వెడల్పూ రెండూ చెక్కకు అడ్డ దిశలే గనుక అది రెండువైపులా ఉబ్బుతుంది. తీరప్రాంతంలో అలాంటిదాన్ని గోడలో ఇరికించకుండా విడిగా నిలబెట్టుకోవడమే మేలని నా ఉద్దేశం.

మీరు చేసి చూడండి

వడ్రంగి దగ్గర పారేసే ముక్కల్లోంచి రెండు పుల్లలు కోయించి తెచ్చుకోండి. రెండూ 10 సెంటీమీటర్ల పొడవు, ఒక సెంటీమీటరు వెడల్పు, అర సెంటీమీటరు మందం. ఒకదాన్ని పలకకు నిలువుగా, పోగుల వెంబడి కోయాలి. రెండోదాన్ని పలకకు అడ్డంగా కోయాలి. రెండోది చేతిలోనే విరిగిపోయేంత పెళుసుగా ఉంటుంది, జాగ్రత్త. రెండింటినీ వారం రోజులు ఎండలో ఉంచి పొడవు కొలవండి. తర్వాత అడుగున తడిగుడ్డ పరచిన మూత డబ్బాలో, గుడ్డకు తగలకుండా నాలుగు రోజులుంచి మళ్లీ కొలవండి. అడ్డపుల్ల రెండు మూడు మిల్లీమీటర్లు పెరగడం మామూలు స్కేలుకే తెలుస్తుంది. నిలువుపుల్లలో తేడా మీ కంటికి ఆనదు. చెక్క ఏ జాతిదో కూడా రాసిపెట్టుకోండి. మామిడి, వేప, టేకు పక్కపక్కన పెడితే ఇంకా బాగుంటుంది.

అక్కయ్యగారి అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతోంది. గోడకు బిగించిన పట్టీని ఒక చివర కాస్త తీసి, నెలనెలా మొదటి తేదీన వెనక సందును స్టీలు స్కేలుతో కొలిచి, అలమర తలుపు లోపలివైపు పెన్సిలుతో రాస్తోంది. ఆ తలుపు కూడా చెక్కదే కదా, అది ఎంత ఉబ్బుతోందో ఎవరు కొలుస్తున్నారని నేనడిగితే, మర్నాడు స్కేలు పట్టుకుని అక్కడా మొదలుపెట్టింది.